జేజి తోట చూసిన రోజు

మా మనవరాలు హైదరాబాదులో చదువుతోంది. స్త్రీల చరిత్ర మీద ఏదో పెద్ద చదువు. మొన్న ఫోనులో ఒక ప్రశ్నల పట్టిక పంపి, "అవ్వా, ఖాళీగా ఉన్నప్పుడు నింపి పంపు" అంది. రిటైరైన బడిపంతులమ్మకు ఖాళీ తప్ప ఇంకేమీ ఉండదని దాని నమ్మకం. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. మీ నాయనమ్మ పేరున ఆస్తి ఉండేదా? ఉంది అనో లేదు అనో ఒక గడిలో గుర్తు పెట్టాలి. ఆమె ఇంటి బయటికి స్వేచ్ఛగా వెళ్ళేదా? దానికీ రెండే గడులు. ముప్పై ఏండ్లు పిల్లల జవాబు పత్రాలు దిద్దినదాన్ని, ఇంత చేతగాని ప్రశ్నపత్రం చూడలేదు. మా జేజిని ఈ గడుల్లో ఎక్కడని కూర్చోబెట్టను? ఫోను పక్కన పెట్టి పొయ్యి మీద పాలు పెట్టాను. జేజిని తలుచుకుంటూ నిలబడిపోతే అవి కాస్తా పొంగి పొయ్యంతా పాడయింది.

నాయనమ్మను మా వైపు జేజి అంటాం, తాతను జేజినాయన అంటాం. మా ఊరు బనగానపల్లె నుంచి కోయిలకుంట్ల పోయే దారిలో, రోడ్డు దిగి లోపలికి నడిస్తే వస్తుంది. ఊళ్ళో మాది పెద్దిల్లు. పెద్దిల్లంటే ఆడవాళ్ళు గడప దాటని ఇల్లని అర్థం. పెళ్ళికో పురుటికో పోవాల్సివస్తే సవారి బండి కట్టి, ముందూ వెనకా దుప్పట్లు తెరలుగా దించి, అందులో కూర్చోబెట్టి తీసుకుపోయేవాళ్ళు. జేజి, పెద్దమ్మ, అమ్మ ముగ్గురూ ఊరిని ఆ దుప్పటి చిరుగుల్లోంచి చూసినవాళ్ళే. పెద్దమ్మకు తనదంటూ ఒక చిరుగు ఉండేది. దానికి మాసిక వేయనిచ్చేది కాదు.

ఆడపిల్లలకు పెద్దమనిషి అయ్యేదాకా మినహాయింపు ఉండేది. నాకప్పుడు తొమ్మిదో పదో. చేనుకూ తోటకూ బండెక్కి పోయివచ్చేదాన్ని. ఇంటికి రాగానే ముగ్గురూ చుట్టూ చేరేవాళ్ళు. జొన్న ఎంతెత్తు పెరిగింది, ఎవరింటికి కొత్త తలుపులు పెట్టారు, బావి దగ్గర ఎవరెవరు ఏమేం మాట్లాడుకున్నారు, అన్నీ కావాలి వాళ్ళకు. తెలియనివి నేను కల్పించి చెప్పేదాన్ని. ఒకసారి రోడ్డు మీద ఏనుగు పోతుంటే చూశానని చెప్తే, దాని దంతాలు ఎంత పొడుగున్నాయో చెప్పినందుకు రెండు రోజులు బెల్లం వేరుశనక్కాయల ఉండలు దొరికాయి.

ఇక మా మామిడి తోట సంగతి. అది జేజిది. పెళ్ళిలో వాళ్ళ నాయన పసుపు కుంకుమ కింద ఇచ్చాడు. కాగితాలు జేజి పేరుతో ఉన్నాయి, ఆ కాగితాలు జేజినాయన పెట్టెలో ఉన్నాయి. తోట ఊరికి రెండు మైళ్ళు. జేజి చిన్నపిల్లగా ఈ ఇంటికి వచ్చి నలభై ఏండ్లు ఆ తోట కాయలతోనే ఊరగాయ పెట్టింది, ఆ తోట పండ్లే తినింది. తోటను మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. ఎందుకు చూడలేదని ఎవరూ అడగలేదు, జేజితో సహా.

వేసవి వచ్చిందంటే మా ఇంట్లో ఒక గది మామిడిగది అయిపోయేది. బండ్ల మీద కాయలు వచ్చి వాకిట్లో కుప్పపడేవి. గదిలో వరిగడ్డి పరిచి, కాయలు పేర్చి, మళ్ళీ గడ్డి కప్పి మాగేసేవాళ్ళు. నాలుగో రోజు గది వాసన వేసేది, ఆరో రోజుకు ఇల్లంతా, ఆ తర్వాత మేం కట్టుకున్న గుడ్డలు కూడా. పక్కింటి పిల్ల ఆటల మధ్యలో నా జడ పట్టుకుని వాసన చూసేది. పొద్దున జొన్నరొట్టెతో మామిడిపండు, మధ్యాహ్నం ఓళిగలతో, అంటే బొబ్బట్లతో, మామిడిరసం సీకరణి, సాయంత్రం ఊరికే పండు. కడుపు నొప్పి వస్తే వాము నమిలించి, తగ్గగానే మళ్ళీ పండు పెట్టేవాళ్ళు.

మంచి బేనిషా పండ్లన్నీ మగవాళ్ళకు. జేజి తొక్క తీసి ముక్కలు కోసి పళ్ళెంలో పెట్టి పంపిస్తే జేజినాయన ముందరి పడసాలలో కూర్చుని తినేవాడు. ఆ ఇంటి ఆడవాళ్ళకు మిగిలినవే అని ఊళ్ళో జాలిపడేవాళ్ళు కూడా ఉన్నారు. అసలు సంగతి వేరే.

కాయల కుప్పలో అక్కడక్కడా పిడికిలంత కాయలు కొన్ని వచ్చేవి. గుండ్రంగా ఉండేవి, ఎంత మాగినా ఆకుపచ్చగానే ఉండేవి. మగవాళ్ళు అవి మాగని కాయలనుకుని పక్కకు నెట్టేవాళ్ళు. జేజి వాటి తొడిమ విరిచి వాసన చూసేది. వాము వాసన వస్తే ఎవరికీ కనపడకుండా జొన్నల గుమ్మిలో పెట్టేది. మగవాళ్ళు తిని పడుకున్నాక పెరటి తలుపుకు గడియ వేసి, మేం నలుగురమే కూర్చునేవాళ్ళం. దానికి జేజి పెట్టుకున్న పేరు నెయ్యిపండు. దాని రుచి చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. నమలాల్సిన పనే లేదు. మా అమ్మ మామూలుగా నవ్వని మనిషి. నెయ్యిపండు రసం మోచేతి దాకా కారుతుంటే నాక్కుంటూ చిన్నపిల్లలా నవ్వేది. పెద్దమ్మ టెంక చీకుతూ, అత్తగారి ఎదురుగానే అత్తల నడకలు, అత్తల దగ్గులు అనుకరించి చూపేది. అందరికంటే గట్టిగా జేజే నవ్వేది. నా బాల్యంలో అంత సంతోషంగా ఉన్న గది ఇంకొకటి లేదు.

ఆ పండు జేజి పుట్టినింటి చెట్టుది. పెండ్లి కుదిరిన ఏడు వాళ్ళ నాయన ఆ చెట్టు టెంక ఒకటి తెచ్చి ఈ తోటలో నాటి, "పడమటి దిక్కున ఏసినా పాపా, నీకు కాస్తాది" అని చెప్పాడట. ఆయన పోయి ఎన్నో ఏండ్లయింది. చెట్టు పడమట ఉందని తప్ప అది ఏ చెట్టో జేజికి తెలియదు. జేజినాయనకు తోటలో ప్రతి చెట్టూ తెలుసు, ఏ పండు ఏ చెట్టుదో తెలియదు. రెండూ తెలిసిన పాత కాపలాదారు ఆ చలికాలంలోనే కాలం చేశాడు. కొత్తగా వచ్చినాయనకు తోటే కొత్త.

ఆ వేసవిలో ఒకనాడు జేజినాయన అన్నం తింటూ నాయనతో, "పడమటి పక్క నాటు చెట్లు అయిదూ దండగప్పా. కొట్టిచ్చి ఆడ నాపరాయి తీపిస్తా" అన్నాడు.

తలుపు వెనక గంటె కింద పడింది. నలుగురి ముందు జేజి జేజినాయనతో నేరుగా మాట్లాడేది కాదు. నేనే వాళ్ళిద్దరి తంతి తపాలా.

"పాపా, ఆ చెట్లు కొట్టద్దని చెప్పు మీ జేజినాయనకు" అంది జేజి, తలుపు చాటు నుంచి.

"కొట్టద్దంట జేజినాయనా."

"ఎందుకంట?"

"ఎందుకంట జేజీ?"

నెయ్యిపండు సంగతి చెప్తే జొన్నల గుమ్మి సంగతి చెప్పాలి. చివరికి జేజి, "మా నాయన నాటిన చెట్టు ఒకటి ఆడ ఉండాదని చెప్పు" అంది.

జేజినాయన చెడ్డవాడు కాదు. కానీ ఎగతాళి చేసే అవకాశం వస్తే వదులుకునేవాడూ కాదు. "ఆయమ్మ మాట కాదనేదెందుకు. ఒక చెట్టు ఇడిసిపెడతా, ఏ చెట్టో చెప్పమను. బేస్తారం పొద్దున కొట్టేటోళ్ళు వస్తారు, ఆ లోపల చెప్పల్ల" అన్నాడు.

తోట ముఖం చూడని మనిషిని ఏ చెట్టో చెప్పమన్నాడు. నాయన కూడా మీసాల్లో నవ్వుకున్నాడు. తలుపు వెనక ఎవరూ నవ్వలేదు.

ఆ మధ్యాహ్నం జేజి పాత రవికలు ముందేసుకుని పేలికలు చింపింది. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, ఆకుపచ్చ, ఒక్కో రంగుకు రెండేసి. "ఒక పేలిక చెట్టుకు కట్టు. ఆ చెట్టు కాయ ఒకటి కోసి, తొడిమతో సహా అదే రంగు పేలికలో మూటగట్టు. అంతే పాపా. మిగతాది నా ముక్కు చూసుకుంటాది" అంది. అమ్మ, పెద్దమ్మ నా వైపు చూసిన చూపు నాకు బాగా గుర్తు. అంత పెద్ద పని నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

తోటకు పోయే బండెక్కి, చెప్పినట్టే చేశాను. అయిదు చెట్లకు అయిదు పేలికలు కట్టాను, అయిదు మూటలు కట్టాను. బండి తిరిగి పోయేదానికి ఇంకా పొద్దుంది. కాపలాదారు కూతురు నా ఈడుది. అంగడాట ఆడదామంది. అంగడి అన్నాక సరుకు ఉండాలి. మూటలు విప్పి పేలికలు పరిచి, కాయలు పేర్చి, నేను శెట్టిని, అది బేరానికొచ్చిన రెడ్డెమ్మ. ఆట మంచి రసపట్టులో ఉండగా బండి కదులుతోందని కేక వినిపించింది. ఏ కాయ ఏ పేలికదో నాకెక్కడ గుర్తు. చేతికొచ్చినట్టు మూటలు కట్టేసి పరుగెత్తాను.

ఇంట్లో జేజి ఒక్కో మూట విప్పి తొడిమ విరిచింది. నాలుగో మూట దగ్గర కళ్ళు మూసుకుంది. "ఇదే. ఎర్ర పేలికది." పెద్దమ్మ నన్ను ఎత్తుకుని గిర్రున తిప్పింది. ఆ సంబరం మధ్యలో నేను నోరు విప్పలేకపోయాను. ఎర్ర పేలిక చెట్టు వదిలేయమని జేజినాయనకు కబురు చేరింది. ఆయనకు కాస్త ఆశ్చర్యమేసినట్టుంది. "సరే, ఏం మొక్కుందో ఏమో" అనేసి ఊరుకున్నాడు. నాకు రెండు రోజులు అన్నం దిగలేదు. మామిడిపండు కూడా దిగలేదంటే నా బాధ ఎంతో చూడండి.

బేస్తవారం పొద్దున గొడ్డళ్ళు పట్టుకున్న ఇద్దరు మా వాకిట్లో నీళ్ళు తాగి, జేజినాయన, నాయనల వెంట బండెక్కి పోయారు. బండి మలుపు తిరిగేదాకా చూశాను. ఇక ఉండబట్టలేకపోయింది. జేజి పెరట్లో మజ్జిగ చిలుకుతోంది. పోయి కవ్వం తాడు పట్టుకున్నాను.

"జేజీ, కాయలు కలిసిపోయినాయి."

"ఏ కాయలు?"

"పేలికల కాయలు. అంగడాట ఆడినాం. ఏది ఏ చెట్టుదో నాకు తెలీదు."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. వెన్న చెయ్యి కుండ అంచుకు తుడుచుకుని, "మొన్ననే చెప్పింటే ఏమైతాండె పాపా" అంది. అంతే. కొట్టినా అంత ఏడ్చేదాన్ని కాదు. జేజి లేచి, కొంగు నడుముకు చుట్టింది.

"సవారి బండి కట్టియ్యమందునా అత్తా?" అంది పెద్దమ్మ, ఏం జరుగుతోందో అర్థం కాగానే.

"ఎద్దులు తోటకు పాయ. కాళ్ళుండాయి గదా."

"ఎండ అత్తా. కాళ్ళకు చెప్పులు..." అని అమ్మ మధ్యలోనే ఆగిపోయింది. ముగ్గురూ ఒకరి కాళ్ళు ఒకరు చూసుకున్నారు. మా ఇంట్లో ఏ ఆడమనిషికీ చెప్పులు లేవు. బయటికి పోని కాళ్ళకు ఎవరు కుట్టిస్తారు? జేజి పడసాలలోకి పోయి, జేజినాయన పండగలకు వేసుకునే కిర్రు చెప్పులు తెచ్చి తొడుక్కుంది. అమ్మ, పెద్దమ్మ పాదాలకు గోనెపట్ట ముక్కలు చుట్టుకున్నారు. దారి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి అందరికంటే ముందు నేను.

వీధిలో టైలరు మిషను ఆగిపోయింది. అంగట్లో శెట్టి తక్కెడ చేత్తో పట్టుకునే బయటికి వచ్చాడు. పెద్దింటి ఆడవాళ్ళు వీధిలో నడుస్తున్నారంటే ఏదో కీడు జరిగి ఉండాలని ఆయన అనుకున్నాడు.

"ఏమ్మా, ఎవురికన్నా బాగలేదా?"

"అందరూ బాగుండారు శెట్టీ. నా తోటకు పోతాండాం" అంది జేజి. చెప్పులు పెద్దవి కావడంతో అడుగడుక్కీ కిర్రుమని, టపటప కొట్టుకుంటున్నాయి. ఊరు దాటేసరికి పెద్దమ్మకు నవ్వాగలేదు. తర్వాత అమ్మకు. అంత భయంలో, అంత ఎండలో, నీడ కనపడిన చోటల్లా ఆగి పాదాలు ఎత్తి ఊదుకుంటూ, నవ్వుకుంటూ నడిచాం. నేను మాత్రం నవ్వలేదు. నాకు గొడ్డలి చప్పుడు ముందే వినిపించింది.

మేం చేరేసరికి ఆకుపచ్చ పేలిక చెట్టు నేల మీద పడి ఉంది. జేజి దాని దగ్గరికే పోయి, వంగి ఒక కాయ తొడిమ విరిచింది. మా ప్రాణాలన్నీ ఆమె ముక్కు దగ్గర ఉన్నాయి. "ఇది కాదు" అని లేచింది. అప్పటికే పక్కనున్న పసుపు పేలిక చెట్టు మీద గొడ్డలి పడుతోంది.

"గొడ్డలి దించప్పా" అంది. గట్టిగా కూడా అనలేదు. వాళ్ళు దించారు.

జేజినాయన ముందు తన చెప్పుల వైపు చూశాడు, తర్వాత మనిషి వైపు. "పాపా, మీ జేజి ఈడికెందుకొచ్చిందో అడుగు."

"ఎందుకొచ్చినావంట జేజీ."

"నా తోటకు నేనొచ్చినానని చెప్పు."

"ఆయమ్మ తోటకు ఆయమ్మ వచ్చిందంట."

"ఎర్ర పేలిక చెట్టు ఇడిసిపెట్టినాం గదా, ఇంకేమంట?"

నేను జేజి వైపు తిరిగేలోపు జేజి నన్ను దాటుకుని ముందుకొచ్చింది. "అది కాదు. మేము తప్పు చెప్పినాం" అంది, నేరుగా ఆయన ముఖం చూస్తూ. కొడుకు ముందు, కూలివాళ్ళ ముందు. తప్పు చెప్పింది నేను. మేము అన్న ఆ మాటకు నేను ఈ వయసులో కూడా జేజికి రుణపడి ఉన్నాను.

ఎర్ర పేలిక చెట్టు కాయ వాసన చూసింది. కిరసనాయిలు. తెల్లదానికి, నీలందానికి ఏ వాసనా లేదు. గొడ్డలి వేటు పడిన పసుపు పేలిక చెట్టు దగ్గరికి వచ్చి, కిందికి వంగిన కొమ్మ నుంచి కాయ తెంపి తొడిమ విరిచింది. మళ్ళీ ఒకసారి ముక్కుకు ఆనించుకుంది. తర్వాత మా వైపు చెయ్యి చాపింది, వాసన చూడమని. వాము. చెట్టు మొదట్లో రెండు వేళ్ళ లోతు గాటు పడి ఉంది. జేజి అందులో అరచెయ్యి పెట్టి మూసింది. ఇంకొక్క ఘడియ ఆలస్యమై ఉంటే నన్ను నేను ఎప్పటికీ క్షమించుకునేదాన్ని కాదు.

చెట్టు కింద రాలిన పండ్లు గడ్డిలో ఉన్నాయి, ఆకుపచ్చగా, ఎవరూ ముట్టనివి. జేజి ఒకటి తుడిచి జేజినాయన చేతిలో పెట్టింది.

"మాగలేదు గదా ఇది."

"తిను."

కొరికాడు. నమలబోయి ఆగాడు. ఒకటి తిన్నాడు, ఇంకోటి తనే ఏరుకుని తిన్నాడు. టెంక కూడా వదల్లేదు. తర్వాత మెల్లగా అడిగాడు. "ఇన్నేండ్లూ ఇయ్యి యాడికి పోతాండె?"

"జొన్నల గుమ్మిలోకి" అంది జేజి.

ముందు నవ్వింది గొడ్డలి పట్టుకున్నాయన. ఆ వెనక నాయన. జేజినాయన కోప్పడదామని చూశాడు కానీ, మీసాలకు రసం అంటుకున్న మనిషి కోపాన్ని ఎవరు లెక్కచేస్తారు? "పోనీలే. ఒకటి పాయ, కడమ నాలుగూ ఉండనీ" అని తలగుడ్డతో మూతి తుడుచుకున్నాడు. మగవాళ్ళూ ఆడవాళ్ళూ ఒకే చెట్టు కింద కూర్చుని, ఒకే కుప్పలోంచి తిన్నాం. మా కుటుంబంలో అది మొదటిసారి.

కాసేపటికి చూస్తే జేజి లేదు. వెతుక్కుంటూ పోయాను. తోట చివర ఒక్కతే నిలబడి ఉంది.

"ఎల్ల యాడిదాకా పాపా?" అని అడిగింది.

గట్టు మీద పాతిన రాయి చూపించాను. జేజి పోయి దాని మీద చెయ్యి వేసింది. "తర్వాతది యాడ?" చూపించాను. అట్లా తోట చుట్టూ నడిచాం. ప్రతి రాయి దగ్గరా ఆగింది, ప్రతి రాయినీ తాకింది. అవతలి చేను ఎవరిదని అడిగింది. చెట్లు లెక్కపెట్టబోయి, మధ్యలో తప్పిపోయి, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది. ఆఖరి రాయి దగ్గర వెనక్కి తిరిగి మొత్తం ఒకసారి చూసుకుంది. ముఖమంతా నవ్వే.

"శానా ఉండాది పాపా. ఇంత ఉండాదని నాకెవురూ చెప్పలేదే" అంది.

ఆ తర్వాత కాళ్ళు నడిచినన్నాళ్ళూ జేజి ప్రతి వేసవిలో కోడళ్ళను వెంటబెట్టుకుని తోటకు పోయింది. నేను పెద్దమనిషినయ్యాక కూడా నన్ను ఇంట్లో కూర్చోబెట్టలేదు. అడ్డం చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ మిగల్లేదు. జేజి పోయాక పంపకాల్లో తోట ముక్కలైంది, చెట్లు పోయాయి, ఇప్పుడక్కడ నాపరాళ్ళు తీసిన గుంతలు నీళ్ళు నిండి ఉన్నాయి. నెయ్యిపండు మళ్ళీ ఎక్కడా తినలేదు.

నేను చదువుకుని, ఉద్యోగంలో చేరి, నా జీతంతో కర్నూలులో మూడు గదుల ఇల్లు కట్టుకున్నాను. గృహప్రవేశం రోజు బంధువులంతా భోజనాలకు కూర్చుంటుంటే నేను మెల్లగా బయటికి వచ్చి, ప్రహరీ గోడ మీద చెయ్యి వేసి ఇంటి చుట్టూ నడవడం మొదలుపెట్టాను. మా ఆయన వెతుక్కుంటూ వచ్చి, "ఆడేం చేస్తాండావు, అందరూ నీకోసం చూస్తాండారు" అన్నాడు.

"చూడనీ. ఇంకొక మూల ఉండాది" అన్నాను.